రిగ్గు మీకుంది, టెండరెందుకు రాదు?

బోరు బండి మీకుంది. పదేళ్లు దాటిన అనుభవం ఉంది. నల్లగొండ గ్రానైట్‌ను పిండి చేసిన చేతులు మీవి. ఏ ఊళ్లో ఎన్ని అడుగులకు నీళ్లు పడతాయో, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరిగే పెద్దమనిషి కంటే మీకే బాగా తెలుసు.

మరి బొగ్గు గనిలో బోర్లకు టెండర్ పడిందనగానే వెనక్కి తగ్గుతారెందుకు?

‘‘అవన్నీ పెద్దోళ్ల పనులు సార్. మనల్ని రానిస్తారా?’’

ఈ మాట కొత్తగూడెంలో విన్నాను. మంచిర్యాలలో విన్నాను. గోదావరిఖనిలో టీ కొట్టు దగ్గర నిలబడి విన్నాను. అన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఒక టెండర్ డాక్యుమెంట్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివినవాళ్లు లేరు. వాళ్లు రానివ్వకపోవడం కాదండీ, మీరు వెళ్లకపోవడం!

సరే, అయిందేదో అయింది. ఈ రోజు నుంచి వెళదాం.

ముందు పని తెలుసుకోండి

పని ఇచ్చేదెవరో ముందు చూద్దాం. యెల్లందు దగ్గర బొగ్గుందని భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ గుర్తించింది 1871లో. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. ఇప్పుడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే ప్రభుత్వ సంస్థ. పని కావాలంటే టెండర్ వేయాలి. టెండర్ అంటే కాగితాలు. కాగితాలంటే మనకు నిద్రొస్తుంది. అసలు సమస్య అక్కడుంది, రిగ్గులో కాదు.

బొగ్గు బాయికి బోరెందుకు? నీళ్ల కోసమే అనుకుంటే మీరు సగమే చూసినట్టు. గనిలోకి ఊరే నీటిని తోడి పారేయడానికి వేస్తారు. భూగర్భంలో ఉన్న పంపుల నీటిని దగ్గరి దారిలో పైకి తేవడానికి వేస్తారు. కరెంటు కేబుల్ దించడానికి, బొగ్గు తీసిన ఖాళీలోకి ఇసుక నింపడానికి, నీటిమట్టం ఎంతుందో చూసుకోవడానికి, గ్యాస్ బయటికి లాగడానికి వేస్తారు.

మనుషుల్ని పైకి తేవడానికి కూడా వేశారు. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ ప్రాంతంలోని మహావీర్ గనిని నీళ్లు ముంచెత్తాయి. 65 మంది ప్రాణాలతో లోపల చిక్కుకుపోయారు. పైనుంచి బోరు వేసి, అందులోంచి ఉక్కు క్యాప్సూల్ దించారు. జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజినీరు తానే ఆ క్యాప్సూల్‌లో కిందికి దిగి, ఒక్కొక్కరినీ పైకి పంపారు. 65 మందీ బతికారు.

మీరు చేసేది అలాంటి పని. ‘‘ఏదో బోర్లు వేసుకుంటున్నాం’’ అని నీరసంగా చెప్పకండి. మీ పనిని మీరే తక్కువ చేస్తే రేటు ఎక్కువెవరు ఇస్తారు?

ఒక్క డిగ్రీ

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా మాట్లాడాలి. మీకొచ్చిన పని వేరు, అక్కడ చేయాల్సిన పని వేరు.

చేలో వేసే ఆరున్నర అంగుళాల బోరు గట్టి రాయిలో దానంతట అది నిలబడుతుంది. పైన మట్టి ఉన్నంతవరకు కేసింగ్ దించితే చాలు. కింద సుత్తి కొట్టుకుంటూ పోతుంది. గోదావరి లోయ అలా కాదు. అక్కడ ఇసుకరాయి, మధ్యలో బంకమట్టి పొరలు, బొగ్గు పొరలు. గోడలు జారతాయి. బెంటొనైట్ మడ్డి కలిపి ఎక్కిస్తూ నిలబెట్టాలి. కొన్నిచోట్ల కింది దాకా కేసింగ్ వేయాలి. పాత తవ్వకాల ఖాళీలోకి బిట్టు దిగిందంటే ఎక్కించిన మడ్డంతా మాయమైపోతుంది. అక్కడ నీళ్లున్నాయో గ్యాస్ ఉందో పైనుంచి మీకు కనపడదు.

సైజు సంగతి చూడండి. బోరు వ్యాసం రెట్టింపు చేస్తే బయటికొచ్చే పొడి రెట్టింపు కాదు, నాలుగింతలు. మీ బండి మీదున్న కంప్రెసర్ ఆ పొడిని పైకి ఎత్తగలదా? ఈ ప్రశ్న టెండర్ వేసే ముందు వేసుకోండి. పని దొరికాక వేసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇక నిటారుతనం. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. కేబుల్ బోరో, పంపు పైపు బోరో భూగర్భంలో దారిలా తవ్విన గ్యాలరీలోకే సరిగ్గా దిగాలి. మన బొగ్గు గనుల్లో పిల్లర్ల మధ్య గ్యాలరీ వెడల్పు సాధారణంగా 4.8 మీటర్లు దాటకూడదు. నట్టనడుమ గురిపెట్టారనుకుందాం. అటు 2.4 మీటర్లు, ఇటు 2.4 మీటర్లు. అంతే మీకున్న జాగా.

ఇప్పుడు మీ రిగ్గు మాస్టు ఒక్క డిగ్రీ వాలింది. కంటికి కనపడదు. 200 మీటర్లు దిగేసరికి బోరు మూడున్నర మీటర్లు పక్కకు పోయింది. గ్యాలరీ తప్పింది, బిట్టు బొగ్గు పిల్లర్‌లోకి దూరింది. పోసిన డీజిలంతా మట్టిపాలు. పొలంలో అయితే అదే వాలు బోరులో నీళ్లు పడితే రైతు దండం పెట్టి పంపిస్తాడు.

రిగ్గు నిలబెట్టేటప్పుడే బోరు భవిష్యత్తు తేలిపోతుంది. టెండరూ అంతే. నోటీసు రాకముందే గెలుపోటములు సగం తేలిపోతాయి. అందుకే నోటీసు కోసం ఎదురుచూడకండి. ఈ వారమే మొదలుపెట్టండి.

మీ ఫైలు బరువెంత?

చేదు నిజం చెబుతున్నాను, నొచ్చుకోకండి. మీరు 2,000 బోర్లు వేసి ఉండొచ్చు. కాగితం మీద మీ అనుభవం సున్నా.

ఎందుకు? రైతు నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు, మీరు జేబులో పెట్టుకున్నారు. బిల్లు లేదు. బ్యాంకులో జమ లేదు. పని పూర్తయిందని ఎవరూ రాసివ్వలేదు. టెండర్ కమిటీకి మీ చేతుల మీది కాయలు చూపిస్తే కుదరదు కదా!

చాలా ప్రభుత్వ సంస్థల టెండర్లలో అనుభవం లెక్క ఇలా ఉంటుంది: గత ఏడేళ్లలో ఇలాంటి పనులు, అంచనా విలువలో 40 శాతం చొప్పున మూడు, లేదా 50 శాతం చొప్పున రెండు, లేదా 80 శాతం విలువైనది ఒకటి. సంస్థను బట్టి, టెండర్‌ను బట్టి మారుతుంది గానీ మూసైతే దాదాపు ఇదే. కోటి రూపాయల పనికి మీరు 40 లక్షల పనులు మూడు చూపించాలి. ఊళ్లో బోర్లన్నీ కలిపి చూపిస్తానంటే ఒప్పుకోరు.

దారి లేదా? ఉంది. మెట్లెక్కండి.

1. ఇవాళ్టి నుంచి ప్రతి పనికీ జీఎస్టీ బిల్లు, ప్రతి రూపాయీ బ్యాంకులో. ప్రైవేటు కంపెనీకి చేసిన పని అయితే టీడీఎస్ కోసిన రుజువు దాచండి. చాలాచోట్ల ప్రైవేటు అనుభవానికి అదే సాక్ష్యం.

2. చిన్న ప్రభుత్వ పనులతో మొదలుపెట్టండి. మంచినీటి బోర్లు, పరిశీలన బావులు. పని పూర్తయిన వారంలో సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అందులో బోరు వ్యాసం, లోతు, ఎన్ని బోర్లు, ఎంత విలువ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఇవన్నీ ఉండాలి. ‘‘సంతృప్తికరంగా పని చేశారు’’ అని ఒక్క లైను రాసిచ్చిన కాగితం గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది, టెండర్‌కు కాదు.

3. అర్హత కొంచెంలో తప్పుతోందా? జాయింట్ వెంచర్‌కు అనుమతి ఉందేమో డాక్యుమెంట్‌లో చూడండి. లేకపోతే పెద్ద కాంట్రాక్టరు దగ్గర, సంస్థ అనుమతి ఉన్న సబ్ కాంట్రాక్టులో, ఒక సీజన్ పని చేయండి. ‘‘నేను ఇంకొకడి కిందా?’’ అనుకోకండి. గని లోపలి పద్ధతులు నేర్చుకుంటూ డబ్బు కూడా తీసుకునే బడి అది.

4. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, పాన్, పీఎఫ్, ఈఎస్ఐ, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, రిగ్గు ఆర్‌సీ, కంప్రెసర్ కొన్న బిల్లు, అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఫైలు పేరు చూస్తే లోపలేముందో తెలియాలి. ‘స్కాన్‌0047’ అనే పేరుతో దాచినవాడు ఆఖరి రోజున చెమటలు కక్కుతాడు.

ఉద్యమ్ గురించి ఒక మాట. చిన్న పరిశ్రమలకు ధరావతు (ఈఎండీ) మినహాయింపు, మొదటి రేటుకు 15 శాతం లోపుంటే ఆ రేటుకు దిగి కొంత పని తీసుకునే అవకాశం, 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానంలో ఉన్నాయి. చాలామంది ఇది అన్నిటికీ పనిచేస్తుందనుకుంటారు. ఇది వస్తువులకు, సేవలకు. వర్క్స్ కాంట్రాక్టులకు సాధారణంగా వర్తించదు. బోరు డ్రిల్లింగ్‌ను ఒకచోట సర్వీస్ అంటారు, ఇంకోచోట వర్క్ అంటారు. మినహాయింపు ఉందనుకుని ఈఎండీ కట్టకుండా పంపారో, మీ కవరు అక్కడే ఆగిపోతుంది. ఊహించకండి, చదవండి.

అడిగే దమ్ము

పొద్దున లేవగానే వాట్సాప్ చూస్తారు కదా. దానికంటే ముందు 20 నిమిషాలు టెండర్ పోర్టల్‌కివ్వండి. తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్, కోల్ ఇండియా టెండర్ల పోర్టల్, జెమ్. వెతికే పదాలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: డ్రిల్లింగ్, బోర్‌హోల్, లార్జ్ డయామీటర్, డీవాటరింగ్, పీజోమీటర్. రోజూ ఒకే టైముకు. ఆదివారం కూడా.

నోటీసు దొరికిందా? మూడుసార్లు చదవండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి పెన్సిల్‌తో. మూడోసారి మీ డ్రిల్లర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, గట్టిగా చదివి వినిపించండి. అతను చదువుకోకపోవచ్చు. ‘‘కేసింగ్ వాళ్లిస్తారా, మనం తెచ్చుకోవాలా?’’ అని అతను అడిగే ఒక్క ప్రశ్న మీకు లక్షలు మిగులుస్తుంది.

ప్రీబిడ్ మీటింగ్‌కు వెళ్లండి. వెళ్లి వెనక వరసలో కూర్చుని టీ, బిస్కెట్లు తిని రావద్దు. అడగండి.

బోరు కూలిపోతే మళ్లీ వేసిన మీటర్లకు డబ్బెవరిస్తారు? నిటారులో ఎంత తేడా ఒప్పుకుంటారు, దాన్ని ఎవరు ఏ పరికరంతో కొలుస్తారు? నీళ్లు, కరెంటు సైటులో దొరుకుతాయా? రోడ్డు ఎవరు వేస్తారు? వానలకు పని ఆగిన రోజులు గడువులోంచి తీసేస్తారా? గని వైపు కారణాలతో రిగ్గు ఖాళీగా నిలబడితే నిలుపు చార్జీ ఉందా? డీజిల్ ధర పెరిగితే?

‘‘ఎక్కువ అడిగితే చెడ్డవాణ్నవుతానేమో’’ అని భయం. నిజానికి జరిగేది ఇంకొకటి. ప్రశ్న అడిగినవాణ్ని ఇంజినీరు గుర్తుపెట్టుకుంటాడు. పని తెలిసినవాడికే ఆ ప్రశ్నలు వస్తాయని అతనికి తెలుసు. అయితే ఒకటి. అడిగింది నోటితో వదలకండి, రాసి పంపండి. జవాబు సవరణ నోటీసుగా వస్తేనే అది లెక్క. కారిడార్‌లో ‘‘చూద్దాంలేవయ్యా’’ అన్నమాట బిల్లు పాస్ చేయించదు.

సైటు చూడకుండా రేటు వేయకండి. సర్వే వాళ్లు పెట్టిన పెగ్గు దగ్గర నిలబడండి. మీ బండి అక్కడిదాకా వస్తుందా? పైన హైటెన్షన్ తీగ ఉందా? మాస్టు లేపితే తగులుతుందా? పక్కన అంతకుముందు వేసిన బోర్ల లాగ్ ఉంటే అడిగి చూడండి. ఏ లోతులో ఏ పొరో ఆ కాగితంలో ఉంటుంది. దానికంటే విలువైన సలహా మీకు ఎవరూ ఇవ్వరు.

ఇదే వ్యాసాన్ని టెండర్ పిలిచే ఇంజినీరు చదువుతుంటే, మీకూ ఒక మాట. ప్రత్యేకమైన బోరుకు ఒకటే బిడ్ వచ్చిందని, మళ్లీ పిలవాల్సి వచ్చిందని చిరాకు పడుతున్నారా? మీ డాక్యుమెంట్‌ను కాంట్రాక్టరు కళ్లతో చదవండి. ప్రమాదమంతా అతని నెత్తిన పెట్టి, పాత బోరు లాగ్ దాచిపెట్టి, గడువు పది రోజులిస్తే మంచివాళ్లు ఎందుకొస్తారు? పిలుపు స్పష్టంగా ఉంటే నలుగురొస్తారు.

అడుగా, మీటరా?

నాకు తెలిసిన ఒకాయన కథ చెబుతాను. పదిమందిలో నవ్వుతూ మాట్లాడే మనిషి, పనిలో పులి. మొదటిసారి ఒక గని టెండర్ వేశాడు. ధరలు తెరిచారు. ఈయనే ఎల్1, అంటే అందరికంటే తక్కువ రేటు. ఇంట్లో స్వీట్లు పంచాడు.

రెండో రోజు లెక్క చూసుకున్నాడు. ఊళ్లో అలవాటు కొద్దీ అడుగు రేటు రాశాడు. రేట్లు రాసే పట్టిక బీవోక్యూలో ఉన్నది మీటరు. మీటరంటే 3.28 అడుగులు. మూడింట ఒక వంతు కంటే తక్కువకు పని ఒప్పుకున్నాడన్నమాట. పని చేయలేనన్నాడు, ధరావతు పోయింది. అంతకంటే ఎక్కువగా ఏడాదిపాటు టెండర్ అనే మాటే ఎత్తలేదు. ఇది డబ్బు నష్టం కంటే పెద్దది.

రేటు గుండెతో వేయకండి. కాలిక్యులేటర్‌తో వేయండి. మీటరుకు అయ్యే డీజిల్, బిట్టు, మడ్డి, కేసింగ్ అందరూ వేస్తారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి.

ఒకటి, పని చేయని రోజులు. గనిలో అడుగు పెట్టాలంటే మీ కుర్రాళ్లకు వైద్య పరీక్ష, వొకేషనల్ ట్రైనింగ్ కావాలి. ఆ రోజులకు కూలీ మీరివ్వాలి, భోజనం మీరే పెట్టాలి. రిగ్గు గేటు దగ్గర నిలబడి ఉంటుంది. బోరు గ్యాలరీలోకి దిగబోతోందంటే కింద ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలి, అప్పటిదాకా మీరు ఆగాలి. గనిలో మేనేజర్ మాటే మాట. ‘‘నా బండి, నా ఇష్టం’’ అక్కడ చెల్లదు.

రెండు, ఆగిన డబ్బు మీద వడ్డీ. 25 లక్షల బిల్లు నాలుగు నెలలు ఆగిందనుకోండి. నూటికి రూపాయిన్నర లెక్కన నెలకు 37,500. నాలుగు నెలలకు లక్షన్నర. ఇది ఎవరి జేబులోంచి? రేటులో పెట్టకపోతే మీ జేబులోంచే. సెక్యూరిటీ డిపాజిట్ కింద కోసుకున్నది ఎప్పుడు తిరిగొస్తుందో కూడా చూసుకోండి.

మూడు, పోయే బోరు. పది బోర్లలో ఒకటి ఏదో ఒక దశలో ఇరుకున పడుతుందని లెక్కలో పెట్టుకునే ధైర్యం ఉండాలి. రాడ్లు ఇరుక్కుంటాయి. బిట్టు విరుగుతుంది.

నాలుగు, జీఎస్టీ. కలిపి రాయాలా, విడిగానా? బీవోక్యూ పైనే రాసి ఉంటుంది. అక్కడ పొరపాటు పడితే లాభమంతా పన్ను కింద పోతుంది.

విరిగే బిట్టు అన్నాను కదా. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వెక్రీక్ బొగ్గు గనిలోకి పక్క పాత గని నీళ్లు దూసుకొచ్చాయి. తొమ్మిదిమంది చిక్కుకున్నారు. మొదట పైనుంచి ఆరున్నర అంగుళాల చిన్న బోరు వేసి, వేడి గాలి పంపారు. సైజులో దాదాపు మన చేను బోరే! తర్వాత మనుషుల్ని లాగడానికి 30 అంగుళాల బోరు మొదలుపెడితే, వంద అడుగులు దాటగానే బిట్టు విరిగి లోపల ఇరుక్కుంది. వాళ్లేం చేశారు? విరిగిన ముక్క తీసే ప్రయత్నం ఒకవైపు, ఇంకో రిగ్గుతో రెండో బోరు ఇంకోవైపు. ముక్క బయటికొచ్చింది, మొదటి బోరే పూర్తయింది, తొమ్మిదిమందీ పైకొచ్చారు.

మీ టెక్నికల్ బిడ్‌లో ఆ రెండో దారి ఉందా? స్పేర్ బిట్లు ఎన్ని, విరిగిన రాడ్డు తీసే ఫిషింగ్ టూల్ ఉందా, కంప్రెసర్ చెడితే ఎన్ని గంటల్లో ఇంకోటి వస్తుంది, నిటారు ఎన్ని మీటర్లకోసారి కొలుస్తారు? అడగకపోయినా ఒక పేజీ రాయండి. ఆ పేజీ రాస్తున్నప్పుడే మీ దగ్గర ఏం లేదో మీకు తెలిసిపోతుంది.

వద్దనడం నేర్చుకోండి

అన్ని టెండర్లూ మీవి కావు. లెక్క వేశాక మిగిలేది లేదనిపిస్తే వదిలేయండి. ‘‘పేరు కోసం వేద్దాం’’ అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ పేరుతో ఫైనాన్స్ కంపెనీవాడు వాయిదా మాఫీ చేయడు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బండ్ల రేటు చూసి కంగారుపడి కోసుకోవడం కూడా మానేయండి. వాళ్ల లెక్క వాళ్లది. ఒకే సీజన్‌లో నాలుగు రాష్ట్రాలు తిరిగే బండి ఖర్చు, మీ బండి ఖర్చు ఒకటెలా అవుతుంది?

ఇంకొక ఫోను వస్తుంది. ‘‘అన్నా, ఈసారి నువ్వు ఎక్కువెయ్, వచ్చేసారి మేమేస్తాం.’’ తీయగా ఉంటుంది. ఇది రింగు. కాంపిటీషన్ చట్టం ప్రకారం నిషేధం, బయటపడితే జరిమానా, బ్లాక్‌లిస్టు. మర్యాదగా పెట్టేయండి. ‘‘తెలిసినవాళ్లు లేనిదే పని రాదు’’ అని ఊదరగొట్టేవాళ్ల దగ్గర కూడా ఎక్కువసేపు కూర్చోకండి. వాళ్లతో టీ తాగినంత సేపట్లో ఒక బీవోక్యూ చదివేయొచ్చు.

ఆఖరి రోజు ఆఖరి రోజున రాకూడదు

ఆన్‌లైన్ టెండర్‌కు సర్వర్ గడియారమే గడియారం. మూడు గంటలంటే మూడు గంటలు. మీ చేతి వాచీలో రెండు యాభై తొమ్మిది ఉన్నా దానికి పట్టదు.

అందుకే మీ సొంత గడువు రెండు రోజుల ముందు పెట్టుకోండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను వేరే కంప్యూటర్‌లో కూడా ఒకసారి గుచ్చి చూడండి. ధర రాసే ఎక్సెల్ ఫైలు పేరు మార్చకండి, అందులో గడులు కలపకండి, కొత్త వరస చేర్చకండి. అందంగా ఉంటుందని రంగులు వేయకండి! పోర్టల్ ఇచ్చిన ఫైలు ఇచ్చినట్టే ఉండాలి. టెక్నికల్ కవరులో పొరపాటున కూడా ధర కనపడకూడదు. అప్‌లోడ్ అయ్యాక వచ్చే రసీదును ప్రింట్ తీయండి.

ఆ రోజు ఇంటర్‌నెట్ సెంటర్ కుర్రాడి మీద వదిలేయకండి. అతనికి తెలిసింది అప్‌లోడ్ చేయడం. మీటరో అడుగో అతనికేం తెలుసు?

పోయిందా? మంచిదే

మొదటిసారి రాకపోవచ్చు. రెండోసారీ రాకపోవచ్చు. కోపం ఒక పూట పెట్టుకోండి, చాలు.

మరుసటి రోజు పోర్టల్ తెరవండి. టెక్నికల్ దాటారా లేదా? దాటకపోతే ఏ కాగితం లేదన్నారు? దాటితే మీరెన్నోవారు, మొదటివాడికీ మీకూ తేడా ఎంత? ఒక నోటుబుక్కు కొనండి. ప్రతి టెండర్‌కు ఒక పేజీ. పని పేరు, మీ రేటు, గెలిచిన రేటు, తేడా, కారణం. ఐదు పేజీలు నిండేసరికి మీ ప్రాంతంలో మార్కెట్ రేటు మీకే తెలుస్తుంది. ఎవరినీ అడగనక్కర్లేదు.

గెలిచినవాడు నష్టపోయి మధ్యలో వదిలేసిన పనులు కూడా ఆ నోటుబుక్కులో రాయండి. అవి మళ్లీ టెండర్‌కు వస్తాయి. అప్పటికి ఆ సైటు చూసి, లాగ్ చదివి, లెక్క వేసి సిద్ధంగా ఉన్నది మీరే.

ఇంతసేపు చదివారు, ఇప్పుడు లేవండి. బీరువాలోంచి ఆ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తీయండి. గడువు తేదీ ఎప్పుడో చూడండి. ముగిసిపోయి ఉంటే రేపు పొద్దున్నే రెన్యువల్‌కు ఇవ్వండి. అసలు లేకపోతే, రేపే క్లాస్ 3కి దరఖాస్తు చేయండి.